గోల్‌కీపర్ వెనక సీటు

ఆ టోపీ అదే. చెవుల మీదికి మడత దిగే గోధుమరంగు బొచ్చుటోపీ. గురువారం నాటి మంచు హాకీ ఆటలో లెస్యా మోచేతికి ఆనుకుని కూర్చున్న ఆ టోపీ ఇప్పుడు ఎర్ర చొక్కాల జట్టుతో పాటు, వాళ్ళ కోచ్ పక్కనే, చంకలో నోటుపుస్తకంతో వాళ్ళ గదిలోకి నడిచి వెళ్ళిపోయింది. తలుపు మూసుకుంది. మంచు మీద ఇక ఎవరూ లేరు. బోర్డు మీద విరామం అంకెలు పదిహేను నిమిషాల నుంచి కిందికి దిగడం మొదలుపెట్టాయి. ఆట రెండు–రెండు. ఏడు ఆటల పోటీలో చెరి మూడూ గెలిచి ఇది ఏడోది. ఇంకొక్క భాగం, ఇరవై నిమిషాల ఆట, ఆ తర్వాత ఓడినవాళ్ళకి ఈ ఏటికి మంచు కరిగిపోయినట్టే. ఊరి గోల్‌కీపర్ ఆంబ్రోస్‌కైతే ఈ ఏటికే కాదు. వచ్చే నెలలో వాడికి ఇరవై ఒకటి నిండుతాయి, కుర్రాళ్ళ జట్టులో గోలు కాసే వయసు దాటిపోతుంది, పైన జెండాల కింద కాళ్ళు చాపుకుని కూర్చున్న ఆ ఇద్దరు పెద్దమనుషులు పెద్ద జట్లకి మనుషుల్ని ఏరుకోవడానికి ఇంత దూరం వచ్చింది వాడిని చూడడానికే, వాళ్ళు మళ్ళీ రారు. వాడి రహస్యాన్నేమో గురువారం నాడు లెస్యా చేతులారా తీసుకెళ్ళి ఆ టోపీ కింద పెట్టింది.

చేతులారా కూడా కాదు, నోరారా. ఎంత మర్యాదగా వచ్చి కూర్చున్నాడు ఆ మనిషి. పొద్దుతిరుగుడు గింజల పొట్లం ముందుకు చాపి, "తీసుకోండమ్మా, ఉప్పు తక్కువవి," అన్నాడు. పొట్టు నేల మీదికి ఉమ్మకుండా కాగితపు కప్పులో వేసుకున్నాడు, దాంతోనే మంచివాడనిపించింది. మొదటి భాగమంతా పెదవి విప్పలేదు. తర్వాత ఉన్నట్టుండి, తనలో తాను అనుకుంటున్నట్టు, "ఈ కుర్రాడు వెనక్కి తిరిగి చూడడేం? గోలు ఎక్కడుందో వాడికెలా తెలుస్తోందంటారు?" అన్నాడు. మూడేళ్ళు. మూడేళ్ళుగా లెస్యా గోలు వెనక అడ్డుగా పెట్టిన గాజు అద్దానికి ఇవతల ఇదే ప్రశ్న పట్టుకుని కూర్చుంది, జట్లు వైపులు మారినప్పుడల్లా తనూ సీటు మారుతూ, ఎప్పుడూ వాడి వీపు వెనకే. మూడేళ్ళలో ఊళ్ళో ఒక్కరు ఆ మాట అడగలేదు. డన్‌రోస్ జనం ఎన్ని ఆపాడో లెక్కపెడతారు, ఎలా ఆపాడని అడగరు; కోడి గుడ్డు పెట్టింది చాలు, ఎలా పెట్టిందని ఎవరడుగుతారు. ధాన్యం గోదాము దగ్గర లారీలు తూచే గదిలో పన్నెండేళ్ళుగా పనిచేస్తూ, రోజుకి ఇరవై మాటలు దాటని మనిషి, ఆ రోజు ఇరవై నిమిషాలు ఆగకుండా మాట్లాడింది. చేత్తో అభినయించి చూపించింది కూడా. ఇదిగో, రబ్బరు బిళ్ళ గోలు వెనక్కి వెళ్ళినప్పుడు చూడండి, వాడు ఈ స్తంభం నుంచి ఆ స్తంభానికి జరగాలి, కళ్ళేమో బిళ్ళ మీదే ఉండాలి, అందుకని చేరగానే కర్రతో స్తంభాన్ని ఒకసారి తడతాడు, టక్, చీకట్లో గుమ్మం తడుముకున్నట్టు, ఆ ఒక్క క్షణం కర్ర మంచు మీద ఉండదు, కాళ్ళ మధ్య సందు రెప్పపాటు తెరుచుకుంటుంది. "రెప్పపాటే కదండీ, ఎవరికి అందుతుందిలెండి," అన్నాడు టోపీ మనిషి. "ఎవరికీ అందదు," అంది తను, ఆ రెప్పపాటు తానే కన్నట్టు గర్వంగా.

అందింది. ఇందాక రెండో భాగంలో ఎర్ర చొక్కా పదకొండో నంబరువాడు బిళ్ళతో గోలు వెనక్కి వెళ్ళి ఆగాడు. అక్కడ ఎవరూ ఆగరు, ఆగితే వెనకనుంచి వచ్చి గుద్దేస్తారు. వాడు ఆగి, పక్కింటి మాటలు వినేవాడిలా తల కొంచెం వంచాడు. టక్. ఆ క్షణమే బిళ్ళ ముందున్నవాడికి చేరింది, వాడు నేలబారుగా కొట్టాడు, ఆంబ్రోస్ కాళ్ళ మధ్యనుంచి లోపలికి. పదిహేను వందల గొంతులు ఒక్కసారి ఆగిపోయాయి. అప్పటికింకా లెస్యాకు టోపీ కనపడలేదు. పాపం అనుకుంది, ఎంత చిత్రంగా కలిసొచ్చింది వాళ్ళకి అనుకుంది.

"ఏమే, దయ్యాన్ని చూసినట్టు అలా బిగుసుకుపోయావు," అన్నాడు పక్క సీట్లో వాసిల్ మామయ్య. అమ్మ తమ్ముడు; ఆటకొచ్చేది అరవడానికే, ఇంట్లో అత్త అరవనివ్వదు. "ఆ రెండోది వాడి తప్పేం కాదులే. గుడ్డెద్దు చేలో పడ్డట్టు పడింది."

"గుడ్డిది కాదు మామయ్యా. కళ్ళున్నదే."

"అబ్బో. లారీల లెక్కలు మాకు చెప్పకు గానీ, నాలుగు పెరోగీలు పట్రా. ఉల్లిపాయ ఎక్కువ వెయ్యమను. తెక్లా చెయ్యి ముడుచుకుంటుంది, నా పేరు చెప్పు."

పెరోగీలు, బంగాళాదుంప కూరిన కజ్జికాయలు. ఊరందరికీ అత్త అయిన తెక్లా ఇక్కడ నడిపే వంటగది వెనక తలుపు తెరిస్తే సిమెంటు నడవ, నడవ చివర మంచును నున్నచేసే బండి పెట్టే కొట్టం. బండి ఇప్పుడు మంచు మీద చుట్లు తిరుగుతోంది, కొట్టం ఖాళీ. ఆంబ్రోస్ విరామంలో అందరితో గదిలో కూర్చోడు, ఆ నడవలో ఒక్కడే గోడకి నుదురు ఆనించి నిలబడతాడు, వంటగదిలో వారానికొకసారి గిన్నెలు కడిగే తనకి అది తెలుసు. తలుపు తెరిస్తే పది అడుగులు. చెప్పొచ్చు. చెప్పొచ్చా? ఆట రోజు గోల్‌కీపర్‌తో ఎవరూ మాట్లాడరు. ఈ ఊళ్ళో చర్చికి ఎగ్గొట్టేవాళ్ళున్నారు, కంచె జరిపేవాళ్ళున్నారు, ఆట రోజు ఆంబ్రోస్‌ని పలకరించినవాళ్ళు లేరు. వాడిని ఇంట్లో పెట్టుకుని సాకుతున్న బెర్నిస్ పొద్దున్నే పళ్ళెం నిండా అట్లు పోసి బల్ల మీద పెట్టి, వాడు లేచేలోగా పక్కింటికి పోతుంది. సహకార దుకాణంలో వాడు పాలడబ్బా తెచ్చి పెడితే, కౌంటరు దగ్గరి పిల్ల కిటికీలోకి చూస్తూ డబ్బు తీసుకుంటుంది. కిందటేడు కొత్తగా వచ్చిన ఫాదర్‌కి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. పెట్రోలు బంకు దగ్గర వాడి భుజం తట్టి, దేవుడు నీతో ఉంటాడు నాయనా అన్నాడు. ఆ సాయంత్రం ఆరు–సున్నాతో ఓడారు. ఇప్పటికీ ఆదివారం ప్రసంగం సాగితే, ఆరు దాటిందా అని వెనక బల్లల్లో గొణుగుతారు. లెస్యా ఇవన్నీ నమ్మదు. నమ్మకపోయినా, మూడేళ్ళలో ఆట రోజున వాడు ఎదురైతే మంచులోకి దిగి దారిచ్చిందే తప్ప నోరు తెరవలేదు. అసలు ఏ రోజునైనా తెరిచిందా? అభిమానం అంటే పలకరించాలని ఆమెకెప్పుడూ తోచలేదు. చూడాలని తోచింది. వాడు ఉత్తరాన సరస్సు ఒడ్డు పల్లె నుంచి వచ్చాడని, అక్కడ గడ్డకట్టిన సరస్సు మీద రెండు బూట్లు నిలబెట్టి అదే గోలు అనుకుని ఆడేవాడని ఊరి పేపర్లో చదివింది. ఆ రోజంతా బూట్ల గురించే ఆలోచించింది. బూట్లు జరుగుతాయి. ఎవరో తంతారు, గాలికి పడిపోతాయి. ఎప్పుడూ జరిగిపోయే గోలును కాచినవాడికి జరగని ఇనుప స్తంభం దొరికితే నమ్మకం కుదరదేమో, ఉందా ఉందా అని తట్టి చూసుకుంటాడేమో. తట్టి చూసుకునే ఆ అలవాటులో ఆమెకు కుర్రాడంతా కనిపించాడు.

చెప్తే ఏమవుతుందో కూడా ఆమెకు తెలుసు, అదే వచ్చిన చిక్కు. పదేళ్ళప్పుడు చేను మధ్య కుంట గడ్డకడితే అన్నయ్య ఓరెస్ట్, వాడి స్నేహితులు ఆడేవాళ్ళు, అందరిలోకి చిన్నదని తనను గోలులో నిలబెట్టేవాళ్ళు. బాగా కాచేది. ఎలా కాచేదో తెలీదు, చేతులు వాటంతటవే పోయేవి. ఒకరోజు ఓరెస్ట్ ప్రేమగానే, తల మీద టోపీ సర్ది మరీ, "నువ్వు బిళ్ళ పైకి లేచినప్పుడు కళ్ళు మూసుకుంటావే, చూసుకో," అన్నాడు. అంతే. మర్నాటి నుంచి కళ్ళు తెరిచి ఉంచడమే పనైపోయింది, చేతుల సంగతి మరిచిపోయింది, వరసగా తిన్నది తొమ్మిదో పదో. మెట్లు లెక్కపెట్టుకుంటూ దిగేవాడే జారిపడతాడు. చలికాలం సగంలోనే ఆమె కుంట దగ్గరికి పోవడం మానేసింది, ఓరెస్ట్‌కి ఇప్పటికీ ఎందుకో తెలీదు. అయితే చెప్పకూడదు. చెప్పకపోతే పదకొండో నంబరువాడు మళ్ళీ తల వంచి వింటాడు. చెప్తే ఆంబ్రోస్ తన చేతిని తానే కాపలా కాసుకుంటూ గోలు వదిలేస్తాడు. మందు వేస్తే ఒక జబ్బు, వెయ్యకపోతే ఒక జబ్బు. తొమ్మిది నిమిషాలు. లేచింది. పెరోగీల కోసమేననుకుంది, వంటగది తలుపు దాకా అలాగే అనుకుంది.

"నాలుగా? ఉల్లిపాయ ఎక్కువా? వాసిల్‌గాడు పంపించాడా," అంది తెక్లా అత్త, పెనం మీదనుంచి కళ్ళెత్తకుండానే. వెన్నలో వేగుతున్న ఉల్లిపాయల పొగ. లెస్యా బల్ల చుట్టూ తిరిగి వెనక తలుపు గడియ మీద చెయ్యి వేసేసరికి తెక్లా తలెత్తింది. "ఆగవే. అటెక్కడికి? అక్కడ వాడున్నాడు."

"తెలుసు అత్తా."

"ఆట రోజు వాడితో మాట్లాడావంటే, రేపట్నుంచి ఊరు నీతో మాట్లాడదు."

"ఇప్పుడు మాత్రం ఎంత మాట్లాడుతోందిలే," అంది లెస్యా, గడియ తీసింది.

నడవలో చలి, చెమట, తడి తోలు వాసన. గోడ అవతల మంచు యంత్రం మోటారు గుర్రుమంటోంది. ఆంబ్రోస్ ముసుగు తల మీదికి తోసుకుని, గోడకి నుదురు ఆనించి, నిలబడే నిద్రపోతున్న గుర్రంలా ఉన్నాడు. వెనకనుంచి అదే వీపు, అదే ఒకటో నంబరు, మధ్యలో అద్దం లేకపోయేసరికి ఎంత పెద్దదిగా ఉందో. "నీతో మాట్లాడకూడదని తెలుసు బాబూ," అంది. "వాళ్ళు నువ్వు స్తంభం తట్టే చప్పుడు కోసం కాచుకుంటున్నారు. ఆ పదకొండో నంబరువాడు. నువ్వు తట్టగానే బిళ్ళ ముందుకు అందిస్తున్నాడు. వాళ్ళకి చెప్పింది నేనే. వాళ్ళ మనిషని తెలీక చెప్పాను."

వాడు తిరిగాడు. గడ్డం కింద పట్టీ ఒరిసి ఎర్రబడిన చోట మొటిమలు, నుదుటి మీద గోడ సున్నం. ముఖం ఇంత చిన్నదని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

"నేను తడతానా?" అన్నాడు.

అన్నిటికన్నా అది భయంకరంగా వినిపించింది. వాడికి తెలీదు. మూడేళ్ళుగా ఆమె వాడి రహస్యమనుకున్నది వాడికే తెలీదు. "ప్రతిసారీనా?" అన్నాడు. ప్రతిసారీ అంది. వాడు కర్రను ఎవరిదో వస్తువులా తిప్పి తిప్పి చూశాడు, ఆమె కళ్ళ ముందు కుంట, ఓరెస్ట్ టోపీ సర్దడం, అయిపోయింది, పాడుచేశాను, ఈ ఒక్క మాటతో పాడుచేశాను. ఇప్పుడు కేకలేస్తాడు, లేదా ఏమీ అనకుండా వెళ్ళిపోతాడు, రెండూ తగినవే. "అద్దం వెనక ఆకుపచ్చ టోపీ మీరే కదా," అన్నాడు వాడు. నేనేనంది. "మా కోచ్ ఎప్పుడూ ముందునుంచి తీసిన వీడియోలే చూపిస్తాడు. వెనకనుంచి నేనెలా ఉంటానో నాకు తెలీదు." కోపం కాదు, బడిలో తెలివైన పిల్లలు పై తరగతి పుస్తకం అడిగినట్టు అడిగాడు: "ఇంకేం చూశారు?"

ఇంకేం చూసింది? కుండలకొద్దీ చూసింది. ఎడమవైపు దెబ్బ కొట్టబోయేవాడిని చూస్తే ఆంబ్రోస్ కుడి భుజం ముందుగా తెలుసుకోవడం, గోలు తిన్నాక సీసాలో నీళ్ళు తాగకుండా గాల్లోకి చిమ్మి ఒక్క చుక్కను చూపుతో పట్టుకుని కింద పడేదాకా వదలకపోవడం, ఇందులో ఏది మందు, ఏది విషం? ఏ మాట చెప్తే మళ్ళీ ఓరెస్ట్ అవుతుంది? తట్టడాన్నే మళ్ళీ కళ్ళ ముందుకు తెచ్చుకుంది, మూడేళ్ళ తట్టుళ్ళు ఒకదాని మీద ఒకటి, వాడు జరగడం, మంచు పొడి లేవడం, ఆగడం, టక్. ఆగడం, టక్. లారీ కాటా మీదికి ఎక్కినప్పుడు బరువు ముందే కుదురుకుంటుంది, డ్రైవరు ఆ తర్వాతే తల బయటపెట్టి కుదిరిందా అని అరుస్తాడు. అరుపుకి బరువు మారదు. "నీ మడమ," అంది, అంటున్నప్పుడే తెలుసుకుంటూ. "తట్టేసరికే నీ మడమ స్తంభానికి ఆని ఉంటుంది. ముందు మడమ చేరుతుంది, తర్వాతే తడతావు. నువ్వు తట్టి వెతుక్కోవడం నేనొక్కసారి కూడా చూడలేదు. చేరినట్టు నీకు నువ్వు చెప్పుకుంటావంతే. చెప్పుకోకపోయినా చేరే ఉంటావు."

"ఖాయంగా?"

"నేను లారీలు తూస్తాను. ఖాయం కానిది కాగితం మీద రాయను."

వాడు నవ్వాడో లేదో తెలిసేలోగా ముసుగు దించేసుకున్నాడు. "ఇంకెవరికీ చెప్పకండి," అన్నాడు ముసుగులోంచి. "మా కోచ్‌కైనా సరే."

పెరోగీలు మరిచిపోయి వచ్చింది. మామయ్య ఏదో అన్నాడు, ఏదో బదులు చెప్పింది. మూడో భాగంలో ఆంబ్రోస్ తిరిగి ఇటువైపు గోలులోకి వచ్చాడు, ఆమెకు అద్దమంత దూరంలో. మొదటిసారి బిళ్ళ వెనక్కి వచ్చినప్పుడు వాడు జరిగాడు, చేరాడు, కర్ర లేచింది, సగం లేచి గాల్లో నిలిచిపోయింది, ఆపైన ఇదివరకెన్నడూ చెయ్యని పని చేశాడు, వెనక్కి తిరిగి స్తంభాన్ని చూశాడు. ముసుగు కమ్మీల వెనక వాడి కళ్ళు ఆమె మొదటిసారి చూసింది. ఆ చూపు అయ్యేలోగా ఎవరో కొట్టారు, బిళ్ళ ఇనుముకు తగిలి ఠంగుమని పక్కకు పోయింది. గోలు తప్పింది అంతే, వాడు ఆపలేదు. లెస్యాకు పైకి, జెండాల కింద ఇద్దరివైపు చూడాలనిపించి చూడలేదు. ఎందుకు చెప్పావు, ఎవరడిగారు, చూసేవాళ్ళు చూసి ఊరుకోవాలి. రెండోసారి వాడు తిరగలేదు. కర్ర వణికింది, లేవలేదు. మూడోసారి వణకలేదు. నాలుగోసారి జరగడం ఇంతకుముందుకన్నా ఒక పిసరు ముందే పూర్తయినట్టనిపించింది, తట్టే పని లేకపోతే మిగిలిన ఆ పిసరు కాలాన్ని ఏం చెయ్యాలో వాడికి తోచినట్టు, ఆ ఖాళీలో వాడు ముందున్నవాడివైపు చూస్తున్నాడు. ఉన్నట్టుండి జనమంతా లేచి ఎగిరారు, మామయ్య ఆమె భుజం మీద దబదబా బాదాడు, డన్‌రోస్ మూడోది కొట్టింది, అవతలి చివర. ఎవరు కొట్టారో ఆమె చూడలేదు.

చివరి నిమిషంలో ఎర్ర చొక్కాలు తమ గోల్‌కీపర్‌ని కూడా తీసేసి, బదులు ఇంకో ఆటగాడిని దింపి, ఆరుగురూ ఇటే వచ్చిపడ్డారు. పంతొమ్మిది సెకన్లు. మంచు పొడి, కర్రలు, మూలుగులు. బిళ్ళ పదకొండో నంబరువాడికి దొరికింది, గోలు వెనక, అద్దానికి అవతల, చెయ్యి చాపితే లెస్యా వాడి చెవి పట్టుకునేంత దగ్గర. పదకొండు సెకన్లు. వాడు ఆగాడు. తల వంచాడు. పదిహేను వందలమంది అరుస్తున్నారు, వాడు వాటన్నిటి కింద ఒకే ఒక్క చప్పుడు వెతుకుతున్నాడు, ఆమె కూడా వెతుకుతోంది, చెవులు ఆమె మాట వినడం లేదు. ఆంబ్రోస్ జరిగాడు. చేరాడు. ఏమీ వినపడలేదు. పదకొండో నంబరువాడు ఇంకొంచెం విన్నాడు. ఇంకొంచెం. అప్పటికి అందించాడు, ముందున్నవాడు నేలబారుగా కొట్టాడు, అక్కడ కర్ర మంచుకు అతుక్కుని ఉంది, బిళ్ళ తిరిగి పదకొండో వాడి దగ్గరికే వచ్చింది. నాలుగు. వాడు మళ్ళీ ఆగాడు, నేర్చుకున్న పాఠం అంత తొందరగా మరపురాదు కదా, మళ్ళీ తల వంచాడు. వింటూ ఉండగానే హారను మోగింది.

ఆట రోజు అప్పటితో ముగిసింది. ఊరంతా ఒక్కసారిగా ఆంబ్రోస్‌తో మాట్లాడడానికి మంచు మీదికి దిగింది. బెర్నిస్ వాడి ముసుగు పట్టుకుని ఏడుస్తోంది, మామయ్య ఎక్కడో మధ్యలో ఉన్నాడు, ఫాదర్ కూడా ధైర్యం చేసి దగ్గరికి పోతున్నాడు. జెండాల కింద ఒకాయన ఫోనులో గట్టిగా, "లేదు లేదు, వీడినే," అంటున్నాడు. అయితే వచ్చే ఏడు ఈ సీటు ముందు వేరే వీపు ఉంటుంది. లెస్యా లేవలేదు. చాలాసేపటికి జనం వాడిని మోసుకుని గదివైపు పోయారు, ఎవరో పక్కన నిలబడ్డట్టు తెలిసి తలెత్తింది. గోధుమరంగు టోపీ. చేతిలో పుస్తకం తెరిచే ఉంది.

"తప్పు చేశానమ్మా. నా పని అలాంటిది," అన్నాడు. "మూడో భాగంలో ఒక్కసారీ తట్టలేదు."

"లేదండీ."

"మరి ఎలా తెలిసింది వాడికి?"

కోపం కోసం వెతుక్కుంది. ఉండాల్సినంత దొరకలేదు, అడగాల్సిన ప్రశ్నే అడిగాడు మళ్ళీ. మడమ ముందే చేరుతుంది సరే, చేరాలని మడమకెవరు చెప్పారు? కంటికి కనపడలేదు, చేతికి తగల్లేదు. "నిజంగా తెలీదు," అంది. "తెలిసినా మీకు చెప్పను."

"అదీ న్యాయమే," అన్నాడు అతను, నవ్వి, మామయ్య ఖాళీ సీట్లో కూలబడ్డాడు.

ఇద్దరు పనివాళ్ళు వచ్చి గోలును మేకుల మీదినుంచి పెకలించి పక్కకు ఈడ్చుకుపోయారు. స్తంభాలుండిన చోట రెండు గుంటలు మిగిలాయి. కుడివైపు గుంట పక్కన మంచు మీద ఆంబ్రోస్ మడమ కోసిన గీత ఉంది, బొటనవేలి గోరంత లోతు. ఇరవై నిమిషాల్లో ఎన్నిసార్లు జరిగాడో, పది, పదిహేను; పదిహేను గీతలుండాలి కదా, చెదిరి, ఒకదాని మీద ఒకటి, కోడి గీకినట్టు. ఒకటే ఉంది. చాకుతో ఒక్కసారి కోసినట్టు ఉంది. అవతలి చివర బండి బయల్దేరింది, నీళ్ళు పోసుకుంటూ నెమ్మదిగా ఇటే వస్తోంది. లెస్యా లేచి అద్దానికి నుదురు ఆనించింది. టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్న ఆ మనిషి కూడా లేచాడు. బండి వచ్చి ఆ గీతను తుడిచేసేదాకా ఇద్దరూ దానివైపే చూస్తూ నిలబడ్డారు.